చిరునామా అనే గడిలో

"మీ వీధి మట్టి చెంచాడు తెండర్రా" అన్నాను.
బొబ్బిలి బస్సెక్కి వచ్చే కుర్రాడు
పొలం మట్టి తెస్తానన్నాడు, వద్దన్నాను.
పొలం గురించి చాలామంది రాశారు.
నాకు ఊరి మురికి కావాలి.

సోమవారానికి బల్ల మీద ఇరవై ఆరు పొట్లాలు:
గంటస్తంభం దగ్గర పూలకొట్టు కింది తడి,
డాబా తూము నోట్లో చేరిన మెత్తటి నలుపు,
రైల్వే క్వార్టర్స్ మెట్ల మీది నాచు,
ఎవరిదో హవాయి చెప్పు అడుగున
గీరుకొచ్చిన పావు చెంచా.
బెవర లీలాకుమారి మందుసీసాలో తెచ్చింది,
మూత మీద బాల్ పెన్నుతో:
"నాన్న షాపు. గోడ మొదలు."

మా కాలేజీకి ఉన్నది ఒకటే సూక్ష్మదర్శిని.
దాని మర జారుతుంది,
బొమ్మ నిలవాలంటే బొటనవేలితో అదిమి పట్టాలి.
కిరసనాయిలు గరాటు సబ్బుతో కడిగి,
అమ్మ పాత వాయిల్ చీర ముక్క పరిచి,
మట్టి పెట్టి, నీళ్ళు పోసి
రాత్రంతా వదిలేశాం.
పొద్దున్న అడుగు చుక్కలో
దారప్పోగుల్లాంటి పురుగులు కొరడా ఝళిపిస్తున్నాయి.
పిల్లలు ఒకళ్ళ వీపు మీద ఒకళ్ళు పడి చూశారు.
"ఒలమ్మ! మన మెట్ల మీద ఇంతమంది ఉన్నారేటి!"

లీల సీసా వంతు చివర్న వచ్చింది.
అందులో ఒక కూజా.
పక్కన పెడితే ఆవగింజ కొండ అవుతుంది, అంత చిన్న కూజా.
అది కదిలింది.
మూతిలోంచి నీళ్ళలాంటి వేళ్ళు రెండు చాచి
నేలని తడిమి
తనని తాను ఈడ్చుకుంది.
ఒకే ఒక్క కణం. ఎముక లేదు, కన్ను లేదు.
దొరికిన రవ్వలు ఏరి ఒంటికి అతికించుకుని
ఇల్లు కట్టేసుకుంది.
ఇసుక. ఇటుక పొడి.
మూతి అంచున మాత్రం, వరస తప్పకుండా,
ఎర్రగా మెరిసే తొమ్మిది పలుకులు.
అవేమిటని నేను పుస్తకం తిరగేస్తుంటే
లీల నెమ్మదిగా అంది:
"ఆటో టెయిల్ లైటు, మేడం.
మా షాపు ముందర రోజూ ఏదోటి పగుల్తాది."

ఆ మూతి పుస్తకంలో లేదు.
రెండో పుస్తకంలోనూ లేదు.
ఫోనుతో ఫొటోలు తీసి
దూరపు ప్రయోగశాలలో తెలిసినాయనకి పంపాం.
పదమూడో రోజు జవాబు:
"కొత్తదే కావచ్చు. కావచ్చు అంటున్నాను.
ఒకటి చాలదు. యాభై కావాలి."

సాయంత్రం అందరం బయల్దేరి వెళ్ళాం.
ముందురోజే, ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని,
మున్సిపాలిటీ వాళ్ళు గోడ వారంతా
బ్లీచింగ్ చల్లి పోయారు.
తెల్లగా, ముగ్గేసినట్టు.
ఎవరిని ఏమంటాం?
దోమలకి మంచిదే.

లీల నాన్న చిన్నంనాయుడు
ట్యూబు తొట్టిలో ముంచి బుడగ కోసం చూస్తున్నాడు.
చూస్తూనే మేం చెప్పింది విన్నాడు.
బుడగ దొరికింది. అక్కడ అగ్గిపుల్ల గుచ్చి అడిగాడు:
"కంటికాననిదాన్ని యాభై ఎలా లెక్కెడతారమ్మా?"
మళ్ళీ ఆయనే:
"పదేడేళ్ళుగా తొట్టి నీళ్ళు ఆ మూలకే పోస్తన్నాను.
బ్లీచింగు ఒక్కరోజు. నాను రోజూ.
వస్తాయిలే."

ఇప్పటికి పదకొండు దొరికాయి.
ఏడింటికి ఎరుపు అంచు ఉంది, నాలుగింటికి లేదు.
లేనివి వేరే జాతివా,
లేక ఆ వారం ఎవరి లైటూ పగల్లేదా,
ఇంకా తేలలేదు.

పంపాల్సిన ఫారంలో "దొరికిన చోటు" అని ఒక గడి.
అక్షాంశం, రేఖాంశం రాశాను.
లీలకి నచ్చలేదు.
అంకెల కింద తన గుండ్రటి రాతతో చేర్చింది:
"విజయనగరం, కంటోన్మెంటు,
నాన్న తొట్టి నీళ్ళు పారబోసే మూల.
వచ్చేవాళ్ళు సాయంత్రం ఆరు దాటాక రండి,
అప్పటికి తడిగా ఉంటాది."